పదకొండు సెంటీమీటర్లు

వారంలో అయిదు రోజులు
ఎవరో గీసిన దారిలో బస్సు నడుపుతాను.
ఆదివారం నా కారు
మా అత్తగారు హ్వే చెప్పిన దారిలో నడుస్తుంది.
తేడా ఒక్కటే,
దిగాల్సిన చోట ఆవిడ గంట నొక్కదు,
వెనక సీట్లోంచి భుజం మీద చరుస్తుంది.

సెమఫోర్ జెట్టీ. పొద్దున్న ఆరున్నర.
ఉత్తరపు గాలి అప్పుడే
ఎవరో పొయ్యి తలుపు తెరిచి మర్చిపోయినట్టు.
డిక్కీలో మూడు వలలు, బకెట్టు,
ఎరకి నిన్నటి చేప తలకాయలు.
ఆ కంపు తన కొత్త టోపీకి పట్టిందని
మా అమ్మాయి మాయ్
పోర్ట్ రోడ్డు నుంచీ నోరు విప్పలేదు.

పానాయొటిస్ ముందే వచ్చి కూర్చున్నాడు.
ఆవిడ కోసం చోటు జరుగుతాడు గానీ
తన ఎర ఏమిటో మాత్రం చెప్పడు.
ఇరవయ్యేళ్ళ స్నేహం.
ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా
పాలవాడికి చీటీ రాయడానికి చాలదు.
ఆయన గ్రీకులో, ఆవిడ వియత్నామీలో
గాలిని తిట్టుకుంటారు.
రెండూ అర్థమైనట్టే
అది ఇంకాస్త రేగుతుంది.

వల పైకి లాగితే
నీలం డెక్కలు ఝాడించే పీతలు.
అత్తగారి జేబులోంచి పసుపు ప్లాస్టిక్ కొలబద్ద వస్తుంది.
పదకొండు సెంటీమీటర్లు.
వెంట్రుకవాసి తగ్గినా సముద్రానికే.
గుడ్లు మోసే తల్లి ఎంత పెద్దదైనా
సముద్రానికే.

పెళ్ళైన కొత్తలో అన్నాను,
"ఎవరు చూడొచ్చారు?"
ఆవిడ నన్ను చూసింది.
నా భార్య యెన్ ఆ చూపుని అనువదించబోయింది.
వద్దులే, అర్థమైందన్నాను.

ఆ రాత్రి గిన్నెలు తోముతూ యెన్ చెప్పింది.
హాస్టల్లో ఉన్న మొదటి వేసవి,
ఇదే జెట్టీ మీద,
అమ్మ సంచినిండా వేలెడంత పీతలు.
యూనిఫాం మనిషి ఒకడు వచ్చాడట.
యూనిఫాం కనబడగానే
అమ్మ రెండు చేతులూ పైకెత్తేసింది.
ఆయన బిత్తరపోయి
తన చేతులూ పైకెత్తాడు.
కాసేపు అలాగే నిలబడ్డారట ఇద్దరూ,
మధ్యలో సంచి కదులుతూ.
తర్వాత ఆయన మోకాళ్ళ మీద కూర్చుని
ఒక పీతని కొలిచి చూపించి
కొలబద్ద ఆవిడ అరచేతిలో పెట్టాడు.
సంచి ముట్టుకోలేదు.
ఆవిడే వదిలింది,
ఒక్కొక్కటే.

కొలబద్ద మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి.
ఆవిడ బొటనవేలికి తెలుసు.

ఇవాళ పదహారు పట్టి
పదమూడు వదిలాం.
అందులో ఒకటి పోతూ పోతూ
మాయ్ చెప్పుని కరుచుకుంది.
అమ్మాయి కెవ్వుమని, పకపకా నవ్వేసి,
అలక గుర్తొచ్చి మూతి బిగించింది.
అప్పటికే అందరం చూసేశాం.

మూడు పీతలు, తినేవాళ్ళం అయిదుగురం.
అయిదో మనిషి పక్కింటి బెరిల్.
కంచె మీంచి నిమ్మకాయల సంచి అందిస్తూ
"ఏదో మాడుతున్నట్టుందే" అంటుంది,
రెండో చేతిలో ప్లేటు.

బాణలిలో వెల్లుల్లి చిటపట,
చిక్కటి చింతపండు పులుసు, చేపల సాస్,
చారెడు పంచదార, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు.
పొగ అలారం కింద నిలబడి
తువ్వాలు విసరడం నా వాటా వంట.
తర్వాత ఎవరూ మాట్లాడరు.
డెక్కలు కొరికే చప్పుడు,
వేళ్ళు నాకే చప్పుడు.
పెద్ద పీత పెంకులో పసుపుపచ్చటి ముద్ద
మాయ్ కంచంలోకి ఎలా వెళ్ళిందో
ఆవిడని అడిగితే
చెవి వినబడదు.

సోమవారం, అయిదూ నలభై.
సబ్బు రెండుసార్లు, నిమ్మచెక్క ఒకసారి.
అయినా స్టీరింగ్ పట్టుకుంటే
చింతపండు, సముద్రం.
ఆసుపత్రి బ్యాడ్జీ వేసుకున్న కుర్రాడు ఎక్కి
కార్డు ఆనించి, ఆగి,
ముక్కు ఎగబీల్చాడు.
"పీతలా?"
"మూడే."
"ఏమాత్రం ఉన్నాయి?"

ఎర్ర దీపం.
స్టీరింగ్ మీంచి చేతులు తీసి చూపించాను,
పదకొండుకి
కాస్త ఎక్కువే.